అరవై అయిదు మిల్లీమీటర్లు

డబ్బో దాటి గిల్గాండ్రా దారిలో
ఎదురొచ్చిన ప్రతి లారీవాడూ
మా మొహాన లైట్లు కొట్టి తిట్టుకుంటూ పోయాడు.
"డిమ్‌లోనే ఉన్నాయిగా" అంటాడు ఫణి.
డిమ్‌లోనే ఉన్నాయి.
కారే వెనక్కి చతికిలబడి, ముక్కు పైకెత్తి,
యూకలిప్టస్ కొమ్మల్లో గలా పిట్టల్ని నిద్ర లేపుతోంది.
రోడ్డు మీద పరుచుకోవాల్సిన వెలుగు
ఎవరి కళ్లలోనో పడుతోంది.

స్టీరింగు కూడా, అన్నాడు కాసేపటికి,
మాట వినీ విననట్టుంది.
ముందు చక్రాలకి నేల మీద ధ్యాస లేదు.

పొద్దున్నే వెనక్కి తిప్పుకొచ్చాం.

రైలు పట్టాల పక్కన డెరిల్ హాస్కెట్ షెడ్డు.
అతను బానెట్ ఎత్తలేదు, కారు కింద దూరలేదు.
జేబులోంచి టేపు తీసి మా ఆముక్త చేతికిచ్చాడు.
చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా
చదవమన్నాడు.
కారవాన్ తగిలించక ముందు అయిదొందల ఇరవై.
తగిలించాక నాలుగొందల యాభై అయిదు.
పదకొండేళ్ల పిల్ల, లెక్క తప్పదు.
"అరవై అయిదు కుంగింది నాన్నా" అంది,
ఎవరో చేసిన తప్పును మార్కుల్లో చెప్పినట్టు.

నేను రోజూ చూసేది ఇదే.
ఫిజియోథెరపీ గదిలో బోర్లా పడుకున్న నడుములు,
గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లవి,
ధాన్యం లారీలు తోలేవాళ్లవి.
నొప్పెక్కడంటే వేలు పెట్టి చూపిస్తారు.
బరువెక్కడంటే నవ్వేస్తారు.

"డిక్కీలో ఏముంది?" అన్నాడు డెరిల్.
ఫణి నా వైపు చూశాడు.
నేను ఆముక్త వైపు చూశాను.
ఆముక్త శ్రద్ధగా టేపు చుట్టుకుంటోంది.

పనిముట్ల పెట్టె. నిండు నీళ్ల క్యాన్లు రెండు.
దుప్పట్ల కింద, ఇంకో దుప్పటి కప్పుకుని,
మా వెట్ గ్రైండరు.

డెరిల్ దాన్ని రెండు చేతులా ఎత్తి బెంచీ మీద పెట్టాడు.
మూత తీసి రాయిని ఒక్క వేలితో తిప్పి చూశాడు.
"బేరింగు మంచిది" అన్నాడు.
ఎందుకని అడగలేదు. ఎన్ని వారాలని అడిగాడు.
అయిదు.
అయితే సరే.

కారవాన్లో సరిగ్గా ఇరుసు పైన, నేలకి ఆనించి కట్టాడు దాన్ని.
వెనక కొసన పెడితే బండి తోకాడిస్తుందట,
ముందు కొసన పెడితే మళ్లీ కారు నడుం మీదేనట.
క్యాన్లు పూలకుండీల్లో వంపేశాడు,
కూనబారబ్రన్‌లో కుళాయిలుండవా అంటూ.

అప్పుడు స్ప్రింగుల కడుపులోకి
చెరో రబ్బరు బుడగ దూర్చి
సైకిలు ట్యూబుకి కొట్టినట్టే గాలి కొట్టాడు.
మెల్లగా లేచింది కారు,
కూర్చున్న ఒంటె మనసు మార్చుకున్నట్టు.

అయిదొందల అయిదు.
"ఇరవై రావాలి కదా?" ఆముక్త ఒప్పుకోలేదు.
"అక్కర్లేదు. మోస్తోంది కదా,
మోస్తున్నట్టు కాస్త కనపడనీ."

ఇంకొంచెం గాలి కొడితే
ఇంకొంచెం సామాను పడుతుందా అని ఫణి ఆశ.
డెరిల్ డ్రైవరు తలుపు తెరిచి
అంచున అంటించిన అంకె మీద గోటితో కొట్టాడు.
"నేను పెంచింది ఎత్తు. దీన్ని కాదు."

నడుముకి బెల్టు కట్టించుకుని
నిటారుగా నడిచి వెళ్లే ప్రతి మనిషికీ
గది గుమ్మం దగ్గర నేను చెప్పేదీ అదే.
వాళ్లూ అచ్చం ఫణిలాగే తలూపుతారు.

ఆ రాత్రి ఎవరూ మాకు లైట్లు కొట్టలేదు.
వెలుగు రోడ్డును అంటుకునే పాకింది,
తెల్లగీత మీద, చచ్చిన కంగారూ మీద,
ఊరు పేరున్న పలక కాళ్ల మీద.
ఒక లారీ ఆయన స్టీరింగు మీంచి
ఒక్క వేలెత్తి పలకరించి పోయాడు.

గిల్గాండ్రా దాటాక అడిగాడు ఫణి,
"అవునూ, మినప్పప్పు ఎక్కడ పెట్టావు?"
నేను అద్దంలోకి చూశాను.
వెనక సీట్లో ఆముక్త
పది కిలోల సంచి మీద కాళ్లు చాపుకుని
నిద్ర నటిస్తోంది.